ఇంటిపేరు ఒకటి, వంశాలు వేరు

ఇంటిపేరు మనిషిని గుర్తించడానికి ఏర్పడిన సాధనం. ఒక ఊరిలో వెంకటరామయ్యలు ఇద్దరుంటే వారిని వేరుచేసి చెప్పడానికి ఇంటిపేరు కావలసి వస్తుంది. కాని చరిత్ర చదివేటప్పుడు ఈ సాధనమే ఒక్కొక్కప్పుడు దారి తప్పిస్తుంది. ఒకే ఇంటిపేరు గల ప్రముఖులు ఇద్దరు కనబడగానే వారు ఒకే వంశంవారని మనసు నిర్ణయించుకొంటుంది. ఆ నిర్ణయం కొన్ని చోట్ల నిజం, మరి కొన్ని చోట్ల పూర్తిగా తప్పు. ఏది నిజమో తేల్చడానికి ఒక పద్ధతి ఉన్నది. ఆ పద్ధతి చరిత్రకే గాక గణితానికీ, ఆరోగ్యశాస్త్రానికీ కూడ సంబంధించినది.

ఈ సంగతి తెలుసుకొనడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. తిరుపతికి పడమట సుమారు 15 కిలోమీటర్ల దూరంలో చంద్రగిరి కోట ఉన్నది. రాజమహలు, రాణిమహలు చూడవచ్చిన విద్యార్థులకు ఉపాధ్యాయులు తప్పక చెప్పే పేరు సాళువ నరసింహరాయలు. ఆ విద్యార్థులే కృష్ణదేవరాయల పాఠం చదివేటప్పుడు మహామంత్రి సాళువ తిమ్మరుసు పేరు వింటారు. ఇద్దరూ సాళువలే గనుక మంత్రి తిమ్మరుసు చంద్రగిరి ప్రభువుల బంధువే అయి ఉండాలని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు.

ఇంటిపేర్లు పుట్టే తీరు

తెలుగువారి ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ల పేర్లు. తాళ్లపాక, నాదెండ్ల, పిల్లలమర్రి అనేవి మొదట గ్రామాలు. ఆ గ్రామం నుండి మరొక చోటికి వెళ్లిన కుటుంబాన్ని అక్కడివారు పాత ఊరి పేరుతో పిలిచారు. ఊరిలో ఉన్నంతకాలం ఆ పేరుతో పని లేదు, ఊరు విడిచిన తరువాతనే అది ఇంటిపేరుగా స్థిరపడుతుంది. రెండవ రకం వృత్తిని, ఉద్యోగాన్ని తెలిపే పేర్లు. కరణం, దేశాయి అనేవి ఇట్టివి. మూడవ రకం పూర్వికునికి వచ్చిన బిరుదు లేక అతని గుణాన్ని తెలిపే పేర్లు.

ఫ్రాన్సు దేశంలో కూడ పేర్లు ఈ తీరుననే పుట్టాయి. డ్యూపోన్ అంటే వంతెన దగ్గరివాడు. డ్యూబొవా అంటే అడవి దగ్గరివాడు. పెతీ అంటే చిన్నవాడు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తే ఫ్రెంచివారికి చివర వస్తుంది. భేదం అంతమాత్రమే. అయితే అక్కడ ప్రభుత్వం ఈ విషయంలో ముందుగానే కలుగజేసుకొన్నది. 1539లో మొదటి ఫ్రాన్సిస్ రాజు విలేర్ కోత్రే అనే చోట జారీచేసిన శాసనం ప్రకారం చర్చీలలో శిశువుల జ్ఞానస్నానాలను పుస్తకంలో వ్రాసి ఉంచవలసి వచ్చినది. 1794లో, విప్లవకాలంలో, జనన పత్రంలో ఉన్న పేరు తప్ప మరొక పేరు ఎవరూ ధరించరాదని చట్టం చేశారు. ఇట్లు కాగితం మీద స్థిరపడడం వల్ల ఫ్రెంచి పేర్ల చరిత్రను తరతరాలు వెనుకకు వెదకడం సులభం. విజయనగర కాలపు తెలుగువారి విషయంలో ఆ పని శాసనాలు, తామ్రపత్రాలు, కావ్యాల అవతారికలు చేయవలసి ఉన్నది.

సాళువలు ఎవరెవరు?

సాళువము అంటే డేగజాతి పక్షి, వేటకు ఉపయోగించేది. 14వ శతాబ్దపు ఉత్తరార్ధంలో విజయనగర యువరాజు కుమార కంపన దక్షిణ దండయాత్రలో మంగిదేవుడనే వీరుడు పాల్గొన్నాడు. శత్రువులనే పక్షులకు ఇతడు డేగ వంటివాడు అనే అర్థంలో సాళువ అనే బిరుదు ఏర్పడినదని చరిత్రకారులు వివరిస్తారు. బిరుదు మంగిదేవుని సంతతికి వంశనామమైనది.

ఆ సంతతిలో సుప్రసిద్ధుడు నరసింహరాయలు. చంద్రగిరి కేంద్రంగా అతడు బలవంతుడై, విజయనగరంలో సంగమ వంశం క్షీణించగా 1485లో సింహాసనం ఎక్కాడు. తిరుమల ఆలయానికి అతడు చేసిన దానాలు అక్కడి శాసనాలలో ఉన్నవి. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమిని భారతాన్ని అతనికే అంకితమిచ్చాడు. రాజనాథ డిండిముని సాళువాభ్యుదయం అతని వంశచరిత్రను సంస్కృతంలో చెబుతుంది. ఈ కావ్యాలు ఆ వంశాన్ని చంద్రవంశ క్షత్రియులుగా వర్ణించాయి. నరసింహరాయలు 1491లో మరణించాడు. కొడుకులు చిన్నవారు. రాజ్యభారం తుళువ నరసనాయకుని చేతికి వచ్చినది. చివరి సాళువరాజు ఇమ్మడి నరసింహుడు 1505లో హతుడయ్యాడు. విజయనగర సింహాసనం మీద సాళువ వంశం ఉన్నది ఇరవై ఏండ్లు మాత్రమే.

రాజవంశం అంతటితో ఆగినది గాని పేరు ఆగలేదు. 1509లో రాజ్యానికి వచ్చిన కృష్ణదేవరాయలకు ప్రధాని సాళువ తిమ్మరుసు. ఇతడు బ్రాహ్మణుడు, కౌండిన్య గోత్రుడు. 1515లో కొండవీడు పట్టుబడిన తరువాత ఆ సీమ ఇతని అధికారంలోకి వచ్చినది. ఇతని సోదరుడు సాళువ గోవిందరాజు కూడ గొప్ప అధికారి. కులం, గోత్రం, పూర్వికుల పేర్లు చూస్తే చంద్రగిరి రాజులతో తిమ్మరుసుకు వంశసంబంధం లేదని స్పష్టమవుతుంది.

తిమ్మరుసు విషయంలో గమనించవలసినది మరొకటి ఉన్నది. కొండవీటి సీమను పాలించిన నాదెండ్ల అప్పమంత్రి, నాదెండ్ల గోపమంత్రి ఇతనికి స్వయాన మేనల్లుళ్లు. మంగళగిరిలోని స్తంభశాసనం ఈ సంబంధాన్ని తెలుపుతున్నది. సాళువ అనే పేరు సమానంగా ఉన్న నరసింహరాయలు తిమ్మరుసుకు చుట్టం కాడు. నాదెండ్ల అనే వేరు పేరు గల గోపమంత్రి దగ్గరి చుట్టం. పేరును మాత్రమే నమ్మినవారు రెండు వైపులా పొరబడతారు.

ఇంకొక ఉదాహరణ మరింత చిక్కైనది. 1529లో కృష్ణదేవరాయలు మరణించినప్పుడు చంద్రగిరి కోటలో ఉంచబడిన అచ్యుతదేవరాయలు రాజయ్యాడు. అతనికి ఆ సమయంలో తోడ్పడి, తరువాత కొద్దికాలానికే తిరుగుబాటు చేసిన దక్షిణదేశాధికారి పేరు సాళువ నరసింహనాయకుడు. అంటే చంద్రగిరి ప్రభువు పేరే దాదాపు అక్షరాలా ఇతనికీ ఉన్నది. ఇతనికి చెల్లప్ప అనే పేరు కూడ కలదు. ఇతడు కూడ బ్రాహ్మణుడే, రాజవంశీయుడు కాడు. మరణించి నలభై ఏండ్లయిన రాజు మరల వచ్చి తిరుగుబాటు చేయలేడు గనుక ఇక్కడ కాలమే మొదటి సాక్షి.

పశ్చిమ తీరాన గేరుసొప్పె రాణి చెన్నభైరాదేవి కూడ సాళువ వంశనామం గలదే. ఆమె జైనమతస్థురాలు. 16వ శతాబ్దపు ఉత్తరార్ధంలో అర్ధశతాబ్దం పాటు పాలించినది. మిరియాల వర్తకం వల్ల ఆమెను పోర్చుగీసువారు మిరియాల రాణి అన్నారు. ప్రాంతం, మతం, వారసత్వ పద్ధతి అన్నీ చంద్రగిరి వారికంటె భిన్నమైనవి.

ఇంతమందికి ఒకే పేరు ఎట్లు వచ్చినది? బిరుదు ఒక ఊరికి గాని, ఒక కుటుంబానికి గాని కట్టుబడి ఉండదు. సామంతులు, అధికారులు ప్రభువు పేరును, బిరుదును తమ పేరులో చేర్చుకొనడం దక్షిణదేశంలో చోళుల నాటినుండి ఉన్న వాడుకే. డేగ వంటి పరాక్రమం తమకు కూడ కలదని చెప్పుకొనడానికి ఎవరికీ అడ్డు లేదు. అందుచేత బిరుదు నుండి పుట్టిన పేరు రక్తసంబంధానికి బలహీనమైన సాక్ష్యం.

పేరు నిజం చెప్పిన చోట్లు

చంద్రగిరి ప్రాంతంలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉన్నది. సాళువ నరసింహరాయల కాలంలో తిరుమలలో ప్రసిద్ధుడైన సంకీర్తనాచార్యుడు తాళ్లపాక అన్నమాచార్యులు. రాజంపేట దగ్గరి తాళ్లపాక గ్రామం ఆయన స్వస్థలం. ఆయన భార్య తిమ్మక్క సుభద్రా కళ్యాణం రచించినది. కుమారుడు పెదతిరుమలాచార్యులు, మనుమలు చినతిరుమలాచార్యులు, చిన్నన్న అందరూ రచయితలే. వీరందరు ఒక్క కుటుంబమని చెప్పడానికి ఇంటిపేరే ఆధారం కాదు. రాగిరేకులు ఉన్నవి, తిరుమల శాసనాలు ఉన్నవి, తాతగారి చరిత్రను చిన్నన్న స్వయంగా వ్రాసిన ద్విపద కావ్యం ఉన్నది. ఇంటిపేరు చూపిన దారిని మూడు వేర్వేరు సాక్ష్యాలు బలపరచాయి.

ఫ్రాన్సులో తాళ్లపాక వారితో పోల్చదగిన కుటుంబం బెకెరెల్ వారిది. ఆంత్వాన్ సెజార్ బెకెరెల్ (1788–1878) విద్యుత్ రసాయనశాస్త్రంలో ప్రసిద్ధుడు. అతని కుమారుడు ఎడ్మండ్ 1839లో వెలుతురు వల్ల విద్యుత్తు పుట్టడాన్ని గుర్తించాడు. నేటి సౌరఫలకాలకు మూలం ఆ పరిశీలనే. మనుమడు హెన్రీ 1896లో యురేనియం లవణాలలో రేడియోధార్మికతను కనుగొని 1903లో క్యూరీ దంపతులతో కలసి నోబెల్ బహుమతి పొందాడు. ముని మనుమడు జా కూడ భౌతికశాస్త్రజ్ఞుడే. నాలుగు తరాల వారూ పారిస్‌లోని ప్రకృతి చరిత్ర సంస్థలో భౌతికశాస్త్ర పీఠాన్ని ఒకరి తరువాత ఒకరు అలంకరించారు. రేడియోధార్మికతను కొలిచే మానానికి బెకెరెల్ అనే పేరు పెట్టినది హెన్రీ గౌరవార్థమే.

ఫాబ్ర్ అనే ఫ్రెంచి పేరు

సాళువ పేరుతో పోల్చదగినది ఫాబ్ర్. లాటిను భాషలో ఫాబర్ అంటే కమ్మరి. దక్షిణ ఫ్రాన్సులో ఆ మాట ఫాబ్ర్ అయినది, ఉత్తరాన లెఫెవ్ర్ అయినది. ఇంగ్లీషువారి స్మిత్, జర్మనుల ష్మిట్ అర్థంలో దీనికి సమానాలు. ప్రతి గ్రామానికి కొలిమి కావాలి, ప్రతి కొలిమికి కమ్మరి కావాలి. కాబట్టి ఈ పేరు వందల గ్రామాలలో విడివిడిగా పుట్టినది. ఆ పేరు గల ప్రముఖులు కూడ పలువురు.

జా హెన్రీ ఫాబ్ర్ (1823–1915) కీటకాల జీవితాన్ని పరిశీలించిన మహాశాస్త్రజ్ఞుడు. పేదకుటుంబంలో పుట్టి, చాలాకాలం పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. చచ్చిన పురుగులను సూదులతో గుచ్చి వరుసలు పేర్చడం గాక, బ్రతికి ఉన్న పేడపురుగులను, కందిరీగలను వాటి తావులలోనే గంటల తరబడి చూచాడు. ఆ పరిశీలనలను 10 సంపుటాలలో అందరికీ తెలిసే భాషలో వ్రాశాడు.

ఆన్రి ఫాబ్ర్ (1882–1984) మార్సెయ్ నగరవాసి. 1910 మార్చి 28న మార్సెయ్ సమీపంలోని బెర్ సరస్సు మీది నుండి ఇంజనుతో నడిచే విమానాన్ని లేపి, నీటి మీద నుండి ఎగిరిన మొదటివాడయ్యాడు.

ఫ్రాన్స్వా గ్జావియే ఫాబ్ర్ (1766–1837) చిత్రకారుడు. మోంపెలియే నగరంలో ఇతని పేరిట చిత్రశాల ఉన్నది.

ఫాబ్ర్ దెగ్లాన్తిన్ (1750–1794) కవి, విప్లవ నాయకుడు. వానలు, మంచు, కోతలు మొదలగు ఋతుధర్మాలను బట్టి విప్లవ పంచాంగంలోని నెలలకు పేర్లు కూర్చినవాడు ఇతడే. ఎగ్లాన్తిన్ అంటే అడవిగులాబి. తూలూజ్ కవితా పోటీలో బంగారు అడవిగులాబి తనకు బహుమతిగా వచ్చినదని చెప్పుకొని ఆ మాటను పేరుకు తగిలించుకొన్నాడు. బిరుదు పేరులో చేరడం విజయనగరానికే ప్రత్యేకం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

కీటకశాస్త్రజ్ఞుడు, విమాన నిర్మాత, చిత్రకారుడు, కవి ఈ నలుగురిని కలిపేది పూర్వం ఏదో ఒక ఊరిలో ఏదో ఒక కమ్మరి మాత్రమే. ఆ కమ్మరి కూడ నలుగురికీ ఒకడే కానక్కరలేదు.

పేర్లు ఎందుకు నశిస్తాయి?

కొన్ని పేర్లు లక్షలమందికి ఉంటే కొన్ని అసలే కనబడకుండా పోవడానికి కారణమేమి? ఈ ప్రశ్నకు 1845లోనే గణిత సమాధానం సూచించినవాడు బియెనెమె అనే ఫ్రెంచివాడు. 1873లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అదే ప్రశ్నను పత్రికలో ప్రకటించగా, వాట్సన్ అనే గణితజ్ఞుడు ప్రయత్నించాడు. ఇద్దరూ కలసి 1874లో వ్యాసం వెలువరించారు.

లెక్కను విద్యార్థులు స్వయంగా చేయవచ్చు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క పురుషుని చొప్పున 1,000 పేర్లు ఉన్నవనుకొనండి. పేరు కొడుకుల ద్వారా మాత్రమే సాగుతుంది. ప్రతి పురుషునికి కొడుకులు లేకపోవడానికి 4లో 1 వంతు, ఒక కొడుకు ఉండడానికి 4లో 2 వంతులు, ఇద్దరు ఉండడానికి 4లో 1 వంతు అవకాశమనుకొనండి. సగటున మనిషికి ఒక కొడుకు. కాబట్టి జనసంఖ్య పెరగదు, తరగదు. అయినా మొదటి తరంలోనే 250 పేర్లు నశిస్తాయి. రెండవ తరంలో, ఒక కొడుకు ఉన్న 500 ఇండ్లలో నాలుగవ వంతు, అనగా 125 పోతాయి. ఇద్దరు కొడుకులున్న 250 ఇండ్లలో ఇద్దరికీ కొడుకులు లేని ఇండ్లు పదహారవ వంతు, అనగా సుమారు 16. మొత్తం నశించినవి 391. ఇదే లెక్క కొనసాగిస్తే మూడవ తరానికి 483, నాలుగవ తరానికి 550.

నాలుగు తరాలలో సగానికి పైగా పేర్లు పోయాయి. జనం మాత్రం తగ్గలేదు. మిగిలిన 450 పేర్లలోనే ఆ వేయిమందీ ఉన్నారు. సగటు ఒకటి గాని, అంతకు తక్కువ గాని అయితే చివరకు ప్రతి పేరూ నశిస్తుంది. ఒకటికి మించితే కొన్ని పేర్లు నిలబడవచ్చు. ఇమ్మడి నరసింహుని వంటి రాజుల విషయంలో హత్యలు ఈ పనిని మరింత త్వరగా చేశాయి.

జీవశాస్త్రం కూడ ఈ విషయానికి సాక్ష్యం చెప్పినది. వై క్రోమోసోము తండ్రి నుండి కొడుకుకు మాత్రమే వస్తుంది, తండ్రి ఇంటిపేరు వచ్చినట్లే. 2000లో బ్రయన్ సైక్స్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు తన ఇంటిపేరే గల పురుషులను పరీక్షించగా, సగానికి కాస్త తక్కువ మందిలో ఒకే రకం వై క్రోమోసోము కనబడినది. సైక్స్ అరుదైన పేరు. స్మిత్ వంటి సాధారణ నామం గలవారిలో అట్టి ఏకత్వం కనబడలేదు. కమ్మరులు ఎందరో గదా!

డార్విను లెక్క, తెలుగు మేనరికం

ఇంటిపేరు మీద అతిగా ఆధారపడడం వల్ల కలిగే నష్టం చరిత్ర పాఠంతో ఆగదు. ఛార్లెస్ డార్విన్ భార్య ఎమ్మా వెడ్జ్‌వుడ్ అతనికి స్వయాన మేనమామ కూతురు. తెలుగువారి మాటలో చెప్పాలంటే అది మేనరికం. దగ్గరి బంధువుల వివాహాల వల్ల సంతానానికి హాని ఉన్నదా అని డార్విన్ ఎంతో ఆలోచించాడు. జనాభా లెక్కలలో ఈ ప్రశ్న చేర్చవలెనని కోరగా పార్లమెంటు ఒప్పుకొనలేదు. అప్పుడు అతని కుమారుడు జార్జి డార్విన్ 1875లో ఒక ఉపాయం పన్నాడు. వధూవరుల ఇంటిపేరు ఒకటే అయిన పెళ్లిళ్లను లెక్కించి, యాదృచ్ఛికంగా కలిసినవాటిని తీసివేసి, మిగిలినవాటి నుండి బంధువివాహాల సంఖ్యను అంచనా వేశాడు.

ఆ ఉపాయాన్ని తెలుగుదేశంలో ప్రయోగిస్తే దాదాపు సున్న వస్తుంది. ఒకే ఇంటిపేరు గలవారిని అన్నదమ్ముల వరుసగా భావించి పెళ్లి సంబంధం కలుపుకొనకపోవడం ఇక్కడి ఆచారం. మేనమామ కూతురు, మేనత్త కూతురు, అక్క కూతురు వేరు ఇంటిపేరు గలవారు. సంబంధం కుదిరేది వారితోనే. రక్తసంబంధం ఉన్న చోటనే ఇంటిపేరు మారిపోతున్నది. సాళువ తిమ్మరుసు, నాదెండ్ల గోపమంత్రి విషయంలో కనబడినది ఇదే.

ఇందులో ఉన్న ప్రమాదం స్పష్టం. ఇంటిపేర్లు వేరు, గోత్రాలు వేరు, కాబట్టి రక్తం వేరు అని అనుకొనడం పొరపాటు. ఏ జన్యువు విషయంలోనైనా తల్లి వైపు ప్రతి, తండ్రి వైపు ప్రతి రెండూ ఒకే పూర్వికుని నుండి వచ్చే అవకాశం మేనమామ బిడ్డల వివాహంలో 16లో 1 వంతు, మేనమామ-మేనకోడలు వివాహంలో 8లో 1 వంతు. ఆ పూర్వికునిలో బయటపడకుండా దాగి ఉన్న లోపం బిడ్డలో జబ్బుగా బయటపడడానికి ఇది దారి. అందుచేతనే పుట్టుకతో వచ్చిన వ్యాధి గల బిడ్డను చూచే వైద్యుడు తల్లిదండ్రుల ఇంటిపేర్లు అడగడు, వారిది మేనరికమా అని అడుగుతాడు.

నిర్ణయించే పద్ధతి

ఒకే ఇంటిపేరు గల ఇద్దరు ప్రముఖులు ఒకే వంశంవారా అని తేల్చడానికి ఈ క్రింది ప్రశ్నలు వేసుకొనాలి.

1. పేరు ఏ రకానికి చెందినది? ఊరి పేరు అయితే సంబంధానికి అవకాశం ఎక్కువ. వృత్తినామమో బిరుదో అయితే తక్కువ.

2. పేరు అరుదైనదా, సాధారణమైనదా? బెకెరెల్ వంటిది అరుదు, ఫాబ్ర్ వంటిది సాధారణం.

3. కాలం, స్థలం సరిపోతున్నవా?

4. తండ్రి పేరు, గోత్రం, మతం ఏమి చెబుతున్నవి?

5. పేరుతో సంబంధం లేని స్వతంత్ర సాక్ష్యం ఉన్నదా? శాసనం, దానపత్రం, సమకాలికుని రచన ఇట్టివి.

ఉన్నత పాఠశాలలో దీనిని చిన్న అభ్యాసంగా చేయించవచ్చు. హాజరుపట్టీలోని ఇంటిపేర్లను ఊరిపేర్లు, వృత్తినామాలు, బిరుదులు, ఇతరాలు అని నాలుగు వరుసలుగా వ్రాయించాలి. ఎవరి కులమూ అడగనక్కరలేదు. ఊరిపేర్లను జిల్లా పటం మీద గుర్తింపజేస్తే ఆ కుటుంబాలు ఏ దిక్కు నుండి వచ్చినవో పిల్లలకే తెలుస్తుంది. ఒకే ఇంటిపేరు గల ఇద్దరు విద్యార్థులు ఉంటే, పై ప్రశ్నలు వేసుకొని తమ తాతముత్తాతల ఊళ్లను ఇంట్లో విచారించి రమ్మనవచ్చు. తల్లి పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు కూడ వ్రాసుకొనమంటే, ఒక మనిషి రక్తంలో ఎన్ని ఇంటిపేర్లు కలిసి ఉన్నవో, అతని పేరులో వాటిలో ఒక్కటే ఎట్లు మిగిలినదో అర్థమవుతుంది.

ఇంటిపేరు విచారణకు మొదటి మెట్టు. అక్కడ ఆగినవానికి సాళువలందరు ఒక్క కుటుంబంగా కనబడతారు. పై మెట్లు కూడ ఎక్కినవానికి ఒక రాజు, ఒక మంత్రి, ఒక తిరుగుబాటుదారు, ఒక మిరియాల రాణి ఎవరి చరిత్రతో వారు వేరు వేరుగా కనబడతారు.